ఎనిమిదో డిస్కు

"మదనపల్లి సరుకు ఇట్లే ఉంటాది మేడం" అన్నాడు బెంగుళూరు కంప్యూటర్ల వ్యాపారి డాక్టరమ్మతో, నా మొహం మీదే.

తొంభైల చివర్లో, కుప్పంలో ఒక పిల్లల డాక్టరమ్మ క్లినిక్కులో జరిగిందిది. ఆమెకు కంప్యూటరు అమ్మింది అతనే. ప్రోగ్రాము కూడా తన కంపెనీదే ఎక్కించాలని అతని పట్టు. ఏ బిడ్డకు ఏ టీకా ఎప్పుడు వేయాలో చూపించే ప్రోగ్రాము నాది, మదనపల్లిలో మా ఇంట్లో కూర్చుని రెండేళ్ళు కష్టపడి రాసింది. ఆ రోజు ఎక్కకపోతే కుప్పంలో ఇక నన్నెవరూ గడప తొక్కనివ్వరు.

మంచిరోజు దాటిపోతుందని డాక్టరమ్మ అత్తగారు తొందరపెడితే, ఏడు ఫ్లాపీల సెట్టు ముందురోజే బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాను. మర్నాడు పొద్దున నేను వెళ్ళి మొదటి డిస్కు పెడితే కంప్యూటరు చదవలేదు. రెండోదీ అంతే. బయటికి తీసి ఫ్లాపీ అంచున ఉండే రేకు రెక్క జరిపి చూశాను. లోపల పసుపు!

"పూజ సేసినానమ్మా" అంది అత్తగారు సంబరంగా. "అట్ట మీద పెడితే ఏముండాది? పనంతా లోపల గదా జరిగేది! రెక్క జరిపి ఏడింటికీ పెట్టినా."

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆమె నా మేలు కోరే కదా చేసింది, ఏమనను!

"ఆరుకు పేషెంట్లు వస్తారు. ఆ లోపల అయితే నీది, ల్యాకపోతే ఆయనది" అంది డాక్టరమ్మ.

"అయితాది. ఎవురూ ముట్టుకోవద్దండి" అని బస్సెక్కాను. మదనపల్లి దాకా పోయొస్తే ఆరు దాటిపోతుంది; అందుకే దారిలోని పుంగనూరులో ఇదే ప్రోగ్రాము నడుస్తున్న క్లినిక్కు నుంచి వాళ్ళ సెట్టు అడిగి తెచ్చాను. తిరిగొచ్చేసరికి అయిదు. వ్యాపారి ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు, నా ఓటమి చూసిపోదామని.

ఫ్లాపీ దూర్చే డ్రైవులో కూడా పసుపు అంటుకుని ఉంటుంది. క్లినిక్కులోని స్పిరిటూ దూదీ అడిగి, స్క్రూడ్రైవరు తీశాను.

"తెరిస్తే వారంటీ పోతాది మేడం!"

"పోనీ. తెరువమ్మా" అంది డాక్టరమ్మ.

తుడిచాను. ఒకటి, రెండు, మూడు... ఏడోది ఎక్కేటప్పటికి బయట పిల్లల ఏడుపులు మొదలయ్యాయి. మొదటి బిడ్డ పేరు డాక్టరమ్మే కొట్టింది. తర్వాతి టీకా తేదీ తెర మీదికొచ్చింది. వ్యాపారి బ్యాగు సర్దుకున్నాడు.

ఆ తర్వాత నేను పంపిన ప్రతి సెట్టులో ఎనిమిది డిస్కులు. ఎనిమిదోది ఖాళీది, 'పూజకు' అని చీటీ అంటించి. మాది చర్చికి వెళ్ళే ఇల్లు. మిషన్ ఆసుపత్రి నర్సుగా పనిచేసిన మా అమ్మ ఆ చీటీ చూసి "యాలమ్మా నీకిది?" అంది. నేను అంటించడం మానలేదు.

మరుసటేడు పుంగనూరులో ఇంకో క్లినిక్కులో అదే వ్యాపారి నా సెట్టు తిరగేసి పకపకా నవ్వాడు. "ఖాళీ డిస్కు కూడా అమ్ముతారా మీరు?"

"మీ బెంగుళూరు పెట్టెలో అది ల్యాదు గదన్నా" అన్నాను. "అందుకే మీది అట్టపెట్టెలోనే ఉండాది, నాది నడస్తాండాది."