గురువు మెడ మీద పెట్టని కత్తి

మాకు పాథాలజీ చెప్పిన సారు పోయారని సోమవారం పొద్దున తిరుపతి నుంచి ట్రంకు కాల్ వచ్చింది. చిత్తూరులో నా క్లినిక్ బయట రోగులు కూర్చునే ఉన్నారు. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. చంద్రగిరి దాటేదాకా ఏడుపు రాలేదు. నా మీద నాకు కోపం మాత్రం వచ్చింది. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

సారు సుద్దముక్క అరిగి గోరు బోర్డుకు తగిలేదాకా వదిలేవారు కాదు. స్లైడు చూడగానే రోగం పేరు చెప్పేస్తే ఆయనకు ఒళ్ళు మంట. "పేరు తరవాత సెప్పుదువుగాని, ముందు ఆడ ఏం జరగతా ఉండాదో సూడు" అనేవారు. తెల్లకణాలు ఒకదానికొకటి రసాయనాలతో కబుర్లు పంపుకుంటాయని అప్పుడప్పుడే పత్రికల్లో వస్తున్న రోజులవి. పరీక్షలో రాని ఆ సంగతి మాకు గంటలకొద్దీ చెప్పేవారు. "జొరం రోగం కాదమ్మా, కబురు. ఎవురు పంపినారో కనుక్కో."

నేను కనుక్కోలేదు. నిరుడు ఆయన మెడ పక్కన ఉసిరికాయంత గడ్డతో, సాయంత్రపు జ్వరంతో నా దగ్గరికే వచ్చారు. శిష్యురాలి చేతి వైద్యమని మురిసిపోతూ వచ్చారు. మా వైపు మెడ మీద గడ్డ, సాయంత్రం జ్వరం అంటే క్షయే. అయినా ముక్క తీసి పరీక్షకు పంపాలని నాకు తెలుసు, నేర్పింది ఆయనే. గురువు మెడ మీద కత్తి పెట్టడమా అని చెయ్యి ఆడలేదు. క్షయ మందులు రాశాను. ఆయనైనా ఎందుకు అడగలేదంటే, నా మీద నమ్మకం. ఆరు నెలలు పోయాయి.

చివరికి ముక్క మద్రాసులో తీశారు. లింఫోమా, అంటే లింఫు గ్రంథుల కాన్సర్. సారు స్లైడు తెప్పించుకుని తానే చూసుకున్నారు. "సూడు, సెడ్డకణాలు పిడికెడే. సుట్టూ మూగినవన్నీ మంచివే. దొంగ కబుర్లు పంపి పిలిపించుకున్నాయి. నా జొరం, నా సెమట ఆ కబుర్ల పనే అని నా అనుమానం" అన్నారు, పాఠం చెప్పినట్టే. నేను కాళ్ళ మీద పడ్డాను. "లెయ్. ఈ ఆర్నెల్ల సంగతి మీ అమ్మకు మాత్రం సెప్పొద్దు" అన్నారు. అమ్మ అంటే ఆయన భార్య. మేమంతా అలాగే పిలిచేవాళ్ళం.

"ఆ కబురును నడిమధ్యలో ఆపే మందేదన్నా ఉండాదేమో సూడు" అని ఒక్కసారి అడిగారు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. ఇంటర్‌ఫెరాన్ అని, అలాంటి కబురునే మందుగా వాడి చూస్తున్నారని చదివానుగాని కంటితో చూడలేదు. మద్రాసుకు, బొంబాయికి ఉత్తరాలు రాశాను. ఎవరెవరినో బతిమాలాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మద్రాసు ఇంజెక్షన్లకు జుట్టు పోయింది, జ్వరం పోలేదు.

నేను వెళ్ళేసరికి సారును వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. అమ్మ నన్ను చూసి, "నువ్వు గాబట్టి రోగాన్ని కనిపెట్టినావంట గదమ్మా. ఆయన అందురికీ అదే సెప్పినాడు" అంది. అవునన్నట్టు తలూపాను. ఇది అమ్మ చదువుతుంది. చదవాలి.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఆయన నుదుటి మీద పెట్టింది. "సూడమ్మా, ఇయ్యాల జొరం లేదు."

లేదు. ఎవరో వచ్చి లేవదీసేదాకా నేను ఆ చెయ్యి తీయలేదు.