కంతు కట్టినవాళ్లు లేవచ్చు

మా వీధిలో పదిమంది ఆడవాళ్లం కలిసి ఒక చిన్న రుణాల కంపెనీలో అప్పు తీసుకున్నాము. వారం వారం కట్టే వాయిదాను మేము కంతు అంటాము. మనిషికి ఏడువందల ఇరవై రూపాయలు, సోమవారం ఉదయం ఎనిమిదికి, మా అరుగు మీద. లెక్క తప్పనని నన్నే లీడరును చేశారు. వసూలుకు వచ్చే ఉద్యోగి పెట్టిన కట్టుబాటు ఒకటుంది: అందరి కంతులూ పడేదాకా ఎవరూ లేవకూడదు.

పద్నాలుగో కంతుకు ఎదురింటి కోడలు రాలేదు. ఆమె వేరుశనగ ఎండిపోయింది. కంతు ఎలా కడతావని మేమనే మాటలు పడలేక ఇంటికి తాళం వేసి, బడికి పోయే కూతురిని వెంటబెట్టుకుని గుమ్మఘట్టలోని పుట్టింటికి పోయింది. మేము పదకొండు దాకా కూర్చుని, ఆనాటి కూలి పోగొట్టుకుని, చివరికి తలా ఎనభై వేసి ఆమె కంతు కట్టాము. మూడు వారాలు ఇదే వరస. ఆ పిల్ల చదువు ఆగిపోతుందని నాకు దిగులుగా ఉండేది.

నాలుగో సోమవారం, ఇలాంటి కంపెనీలను తనిఖీ చేసే అధికారి వచ్చాడు. బలవంతమేమీ లేదని చెప్పమని ఉద్యోగి మాకు ముందే నూరిపోశాడు. అధికారి అడిగితే అందరమూ తల ఊపాము. ఆయన ఇంకో ఊరికి పోవాలని కుర్చీలోంచి లేచాడు. అప్పటికి తొమ్మిది కంతులే పడ్డాయి. నాకు ఆ లెక్క తప్ప ఇంకేమీ తోచలేదు.

"యాడికి సార్, కూచోండి. పదో కంతు పడేదాకా ఈడ ఎవురూ లేచేకి లేదు" అన్నాను.

ఆయన నిజంగానే కూర్చున్నాడు. "ఈ రూలు ఎవరు పెట్టారమ్మా?"

అందరి కళ్లూ ఉద్యోగి మీదికే పోయాయి. తర్వాత ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు: పోయిన కూలి, తలా ఎనభై, ఎదురింటి తాళం. కట్టినవాళ్లను కూర్చోబెట్టే హక్కు, ఒకరి కంతు ఇంకొకరిచేత బలవంతంగా కట్టించే హక్కు ఎవరికీ లేదని అధికారి మా ముందే ఉద్యోగికి చెప్పాడు. పంట పోయినామెకు గడువు పెంచమన్నాడు. ఆ వారంలోనే కంపెనీ ఆమె కంతును సగానికి తగ్గించింది. మాకు ఆమె ఇవ్వవలసిన తలా రెండువందల నలభై మా మధ్య లెక్క. వచ్చే పంటకు చూసుకుంటాము.

కబురు అందుకుని తరువాతి సోమవారం ఆమె వచ్చింది. కూతురిని బడి దగ్గర దింపి నేరుగా అరుగెక్కి, మూడువందల అరవై కట్టింది. కట్టినవాళ్లు కట్టినట్టే లేచి పనులకు పోయారు. నేను మాత్రం అలవాటుగా కూర్చుండిపోయాను. ఆమె వీధిలోంచి వెనక్కి తిరిగి చూసింది.

"ఏం పెద్దమ్మా, నీ కంతు ఇంగా పడలేదా?"

లేచాను. టైము ఎనిమిదీ ఇరవై.