గడ్డం మీది పేపరు ముక్కలు

వర్తూరు బస్సులో నా పక్కనాయన గడ్డం నిండా కోతలు, వాటి మీద నెత్తురంటిన పేపరు ముక్కలు. బళేపేటలో అప్పుడే కొన్న సేఫ్టీ రేజరు, బరువు చూడమని నా చేతిలో పెట్టాడు. ఇంట్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయట, ఒక్కటీ సుఖంగా లేదట. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఈయన వరస అనుకున్నాను. యూట్యూబు చూసి రేజర్లు పోగేసే బాపతు.

"ముందు చెయ్యి కుదరాలి సార్, రేజరు కాదు," అన్నాను తీసిపారేసినట్టు.

ఆయన నొచ్చుకోలేదు.

"నాకు ఏదైనా సరిపోతాదప్పా. మా మామ పక్షవాతమొచ్చి పడుండాడు. నేను గీసేటప్పుడు తెగినా నోరు తెరిచి చెప్పలేడు. ఏది కోస్తాదో ముందు నా మొగం మీద చూసుకోవల్ల గదా."

రేజరు తిరిగి ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చాను.