నాది కాని రెండు నిమిషాలు

తొంభైల చివర్లో, దేవరయాంజాల్ దగ్గరి ఒక ఫామ్‌హౌస్‌లో పదకొండు రోజుల్లో చుట్టేసిన సినిమాలో నేను హీరోయిన్ని. పోస్టర్ మీద తడిచీరలో ఉన్నది నేనే, దాచేదేం లేదు. కథలో మొగుణ్ని చంపేదీ నేనే. అప్పటిదాకా మేడ్చల్‌లో ఒక టైలర్ షాపులో జాకెట్లకు హుక్కులు కుట్టేదాన్ని. వేషం అనగానే ఎగిరి గంతేశాను గానీ, డైరెక్టర్‌కు ముందే తెగేసి చెప్పాను: వానలో తడుస్తాను, పైట జారుతుంది, అక్కడితో సరి. ఆయన మాట తప్పలేదు.

మా నాయినకూ అదే మాటిచ్చాను. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మనిషి. "నీ మీద నాకు నమ్మకమున్నది బిడ్డా," అన్నాడు, అంతే.

సినిమా మేడ్చల్ హాలుకు వచ్చిన రోజే నాయిన ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. సగంలోనే తిరిగొచ్చి, వల ముందేసుకుని చిరుగులు కుడుతూ కూర్చున్నాడు. మూడు రోజులు నా ముఖం చూడలేదు. తిట్టినా బాగుండేది. నాలుగో రోజు అమ్మే నోరు విప్పింది.

"బట్టల్లేకుంట జేసినవంట గదనే. మీ నాయిన తల దించుకొని లేసొచ్చిండు."

ఒళ్ళు మండిపోయింది. సెవెన్ సీటర్ ఆటో ఎక్కి నూన్ షోకు వెళ్ళాను. హాలు నిండా మగవాళ్ళే. ఒకడు నన్ను గుర్తుపట్టి ఈల వేశాడు. వేసుకోనీ, నేనూ టికెట్ కొన్నదాన్నే.

ఇంటర్వెల్‌కు ముందు నేను తడిచీరతో గది తలుపు తీస్తాను. అక్కడ తెర మీద బొమ్మ ఒక్కసారి ఎగిరిపడింది. వెలిసిపోయిన రంగులు, వేరే గది, ఎవరో వేరే ఆమె, ఒంటి మీద నూలుపోగు లేదు. రెండు నిమిషాలకు మళ్ళీ నేను, నా తడిచీర. దాన్ని బిట్టు అంటారు. ఎక్కడిదో ముక్క తెచ్చి హాలువాళ్ళే మధ్యలో అతికిస్తారు. ఆ సంగతి నూన్ షోలకు వచ్చేవాళ్ళందరికీ తెలుసు, మా నాయినకు తప్ప. తలుపు తీసింది కూతురు, ఆ వెంటనే కనిపించింది నగ్నంగా ఉన్న ఆడమనిషి. ఆమె ముఖం చూడకుండానే లేచి వచ్చేశాడు.

షో అయ్యాక మెట్లెక్కి ఆపరేటర్ గదిలోకి వెళ్ళాను. "గా ముక్క నాకియ్యి, మా నాయినకు సూపియ్యాలె."

"గా ముక్క లేకుంటే జనం కుర్చీలు ఇరగ్గొడ్తరక్కా. ఓనర్ నన్ను బత్కనియ్యడు."

"ఇయ్యకుంటే ఈడనే కూసుంట. రేపొస్త, ఎల్లుండొస్త."

నేను కదలనని వాడికి అర్థమైంది. బ్లేడుతో రెండు చోట్ల కోసి, మిగిలిన రీలు అతికించాడు. "ఎన్ని సిన్మాలల్ల అతికిచ్చిన్నో దీన్ని. రేపు నూన్ షోకు మల్ల తెచ్చియ్యాలె," అన్నాడు. సరేనన్నాను. నా పని జరిగితే చాలు.

ఇంటికొచ్చి, ఆమె ముఖమొక్కటే ఉన్న చోటు వెతికి, ముక్కను ఎండకు ఎత్తి పట్టాను. "సూడు నాయినా. గీమె నేను గాదు."

వద్దన్నాడు. నేను వదల్లేదు. చివరికి కళ్ళు చికిలించి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు, తల మీద చెయ్యి వేశాడు. అప్పుడు ఏడ్చాను.

నాయిన మాత్రం నా దగ్గర తీసుకున్న ఆ ఫిల్ము చుట్టను కింద పెట్టలేదు.

"వాపస్ ఇయ్యాలె నాయినా, మాటిచ్చిన."

"గీ పిల్ల గూడ ఎవలదో బిడ్డనే గదా," అన్నాడు. లేచి దాన్ని పొయ్యిలో పెట్టాడు. నాకు సిగ్గేసింది. అది నేను కాదని చెప్పడానికి అంత దూరం పోయినదాన్ని, ఆమెను మళ్ళీ హాలువాళ్ళ చేతికే ఇవ్వబోయాను.

మర్నాడు ఉత్త చేతులతో మెట్లెక్కాను. "కాలవెట్టినం. మీ ఓనర్‌కు నా పేరు జెప్పు," అన్నాను. వాడు తల పట్టుకున్నాడు.

బిట్టు లేని నా సినిమాను రెండు రోజులకే ఎత్తేశారు. ఆఖరి షోకు హాల్లో పదిమంది కూడా లేరు. నా పక్క కుర్చీలో నాయిన, ఉతికిన చొక్కాతో, చివరిదాకా తల దించకుండా చూశాడు.