బావగారి లైటు మీద నా కుళ్లు

పోయిన నెల మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పోయారు. కబురు వచ్చేసరికి నేను ఏలూరులో కాలేజీ ల్యాబులో ఉన్నాను. ఏడ్చాను. ఏడుస్తూనే, ఇంక ఆయన చేపల వీడియోలు రావు కదా అనిపించింది. ఆ ఆలోచనలో కాస్త ఊరట కూడా ఉంది. సిగ్గుగా ఉన్నా మీకు చెప్పేస్తున్నాను.

నేను జువాలజీ చెబుతాను. ఆయన తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు మెకానిక్కు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, కొల్లేరు చేపల్ని నీళ్లలోపలే వీడియో తియ్యడం. ఇద్దరి దగ్గరా అరచేతిలో పట్టే ఒకే రకం వాటర్‌ప్రూఫ్ కెమెరా. దోనెలో కూర్చుని, వెదురుకర్ర చివర కట్టి నీళ్లలోకి దించేవాళ్లం. పిల్లల్ని వెంటేసుకుని తిరిగే కొర్రమీనుని తియ్యాలని నా కోరిక. ఏటా పాఠంలో చెబుతాను గానీ ఒక్కసారీ చూపించలేకపోయాను.

ఆ మురికినీళ్లలో లైటు లేందే పని జరగదు. నేను నెలరోజులు చదివి, పోల్చి, అన్నిటికన్నా ఎక్కువ వెలుగిచ్చేది కొన్నాను. కెమెరా నెత్తినే బిగించాను. వీడియో చూస్తే జల్లెడలోంచి బియ్యప్పిండి రాలుతున్నట్టు తెల్లటి నలుసులే, చేప జాడ లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నీళ్లని తిట్టుకున్నాను.

బావగారు కొన్నది చిన్న లైటు. వెలుగు తక్కువే గానీ వెడల్పుగా పరుచుకునేది. మిల్లులో పడేసిన ఇనప పట్టీ వంచి, దాన్ని కెమెరాకి మూరెడు దూరంలో పక్కగా పెట్టారు.

"మిల్లులో తవుడు లేచినప్పుడు టార్చి కళ్ల దగ్గర పెట్టుకుంటే తవుడే కనిపిస్తుందమ్మా. చెయ్యి చాపి పక్కనుంచి వెయ్యాలి. నీ లైటూ కాస్త పక్కకి జరిపి చూడు," అన్నారు.

"అది గాలండీ బావగారూ, ఇది నీళ్లు," అన్నాను. చదువుకున్నదాన్ని కదా!

ఆయన నవ్వి తన కెమెరా నీళ్లలోకి దించారు. ఆ వారమే ఆయన కెమెరాకి కొర్రమీను దొరికింది, ఎర్రటి పిల్లల గుంపుతో సహా. నా విద్యార్థులే "మేడమ్, మీ బావగారి వీడియో మళ్లీ వెయ్యండి" అనేవారు. కడుపు మండిపోయేది. పైగా ఆయన ప్రతి వీడియో కిందా "చేపల పేర్లు చెప్పింది మా మరదలు" అని రాసేవారు. అది ఇంకా మంట.

నీళ్లలోకి దించేముందు కెమెరా మూత రబ్బరు మీద వెంట్రుక ఉన్నా నీళ్లు లోపలికి దిగుతాయని బావగారు వేలితో తడిమేవారు. నాదీ అడక్కుండానే తీసుకుని తడిమి ఇచ్చేవారు. నేను విసుక్కుంటే, "మిషనుకి కోపం రాదమ్మా, మనకే వస్తుంది" అనేవారు. ఆయన చెప్పాక రెండేళ్లపాటు నా లైటుని కెమెరా నెత్తిమీంచి దింపలేదు. దింపితే ఆయన మాట ఒప్పుకున్నట్టవుతుందని నా పంతం.

పెద్దకర్మ అయ్యాక మా ఆయన్ని వెంటబెట్టుకుని కొల్లేరు వెళ్లాను. లైటు ముఖానికి పాలకవరు ముక్క చుట్టి జోరు తగ్గించాను. వేరే కర్రకి కట్టి పక్కగా దించాను. మూడోరోజు కొర్రమీను వచ్చింది.

ఇంటికొచ్చి చూస్తే, ఆయన తీసినదానికన్నా బాగుంది. గెలిచాననుకున్నాను. ఆయన ఉంటే "భలే వచ్చిందమ్మా" అని మిల్లు మిల్లంతా తిప్పి చూపించేవారు, రవ్వంత కుళ్లు లేకుండా. అలాంటి మనసు నాకు లేదే అని ఇప్పుడు మొదలైంది అసలు అసూయ.

"మీరు చెప్పిందే నిజమండీ బావగారూ" అని రాసి, ఆ వీడియోని వాట్సాప్‌లో ఆయన నంబరుకే పంపాను. పిల్లల్ని వెనకేసుకుని లైటుకేసి తిరిగి నిలబడ్డ కొర్రమీను, దాని కింద ఒక్కటే టిక్కు.