కండక్టరుగారి గుక్కెడు నీళ్లు

పేగు ఆపరేషనైన మూడో రోజు ఉదయం, వార్డులో నడుస్తున్న రిటైర్డు బస్సు కండక్టరుగారి పైజామా జారి పాదాల మీద పడింది. కోడలు దాన్ని పైకి లాగి ముడివేసేదాకా ఆయన సెలైన్ స్టాండును బస్సులో కడ్డీలా పట్టుకుని నిలబడి, మళ్లీ నడక సాగించారు. ముప్పయ్యేళ్లు నిలబడే బతికిన మనిషికి మంచం మీద కుదురెక్కడిది? పైగా గాలి పోతేగాని పేగు కదిలినట్టు కాదనీ, అందాకా గుక్కెడు నీళ్లు కూడా లేవనీ డాక్టరు తేల్చేశారు. నాలుక పిడచకట్టుకుపోతోంది.

"కాసేపు కూర్చోండి మామయ్యా."

"కూర్చుంటే వస్తుందటమ్మా?"

పదకొండో చుట్టులో, వార్డు నడిమధ్య, వచ్చింది. గట్టిగానే వచ్చింది.

పక్క మంచం పెద్దాయన దుప్పటి ముక్కుదాకా లాక్కుని, "ఆడవాళ్లున్నారు, కాస్త మర్యాద ఉండక్కర్లేదా?" అన్నాడు.

"మర్యాద రేపు చూసుకుందాం సార్, ఇవాళ్టికి నా మంచినీళ్లు రానివ్వండి."