కన్ను నీది

మా అక్క భర్త పోర్టులో క్రేన్ కింద నిలబడి సిగ్నల్ ఇచ్చే పని చేసి రిటైరయ్యాడు. పైన బరువు వేలాడుతున్నంతసేపూ సిగ్నల్ మనిషి దాని మీంచి చూపు తిప్పకూడదు. తిప్పాల్సి వస్తే పక్కవాడి భుజం తట్టి "కన్ను నీది" అనాలి. అతను "కన్ను నాది" అన్నాకే తల తిప్పాలి. కూతురు సర్ఫింగ్ మొదలుపెట్టాక బావ ఆ పద్ధతిని భీమిలి రోడ్డు పక్క తీరానికి తెచ్చాడు. ఆమె నీళ్లలో ఉన్నంతసేపూ ఒడ్డున ఒకరి కన్ను ఆమె మీదే ఉండాలి.

మొన్న వేసవిలో ఆ కన్ను, పేపర్లో విలేకరిగా పనిచేసే నాకు అప్పగించాడు. శుక్లాల ఆపరేషనై వారమే. నల్లద్దాల వెనక ఆయనకు దూరం ఆనడం లేదు.

"కన్ను నీది బావా," అన్నాడు భుజం తట్టి. మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం.

"కన్ను నాది."

"పేపరోల్లు దేన్నీ సివరిదాకా సూడరు. నువ్వు సూడు."

ఆ రోజు ఆమె సర్ఫింగ్‌ని డ్రోన్‌తో తీసి ఫోన్లలో లైవ్ ఇస్తున్నారు. బోర్డులు తయారుచేసే కంపెనీవాళ్లు ఎక్కడో కూర్చుని చూసి, మా మేనకోడల్ని తమ జట్టులోకి తీసుకోవాలో లేదో తేలుస్తారు. ఇదివరకు తనకు నచ్చిన అల కోసం గంటైనా ఆగేది. ఇప్పుడు డ్రోన్ బ్యాటరీ ఆగదు. డ్రోన్ నడుపుతున్న స్నేహితురాలు చెయ్యి ఊపగానే, మామూలుగా వదిలేసే అలనే అందుకుంది.

సముద్రంలో ఆమె గోరంత. నా ఫోన్లో మోకాళ్లు వంచడం, బోర్డు అంచున నీళ్లు చిమ్మడం అన్నీ కనిపిస్తున్నాయి. తల ఎప్పుడు దించానో నాకే తెలియదు.

"ఏటి సేత్తంది?" అన్నాడు బావ.

"నిలబడింది బావా. బాగా ఎల్తంది."

"మరి జనం అరుత్తన్నారేటి?"

తలెత్తాను. ఎర్ర బోర్డు ఒక్కటే బోర్లా తేలుతూ ఒడ్డుకు వస్తోంది. దాన్ని కాలికి కట్టుకునే తాడు తెగిపోయింది. ఫోన్లో ఆమె ఇంకా నిలబడే ఉంది. లైవ్ కొన్ని సెకన్లు వెనక నడుస్తుందని నాకు తెలుసు.

తోటి సర్ఫర్ ఒకతను బోర్డు మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ అటు దూసుకెళ్తున్నాడు. వెనక్కి తిరిగి అరిచాడు. "ఎటు? ఎక్కడ పడింది?"

బావ నా చొక్కా పట్టుకున్నాడు. "సోటు సెప్పు బావా! సెప్పు!"

చెప్పాల్సింది నేనే. నేను చూడలేదు.

అప్పుడు ఫోన్లో ఆమె పడింది.

నేను ఆ చిన్న తెరలో చోటు వెతుక్కుంటుండగానే, అతను వెళ్తున్న దారికి చాలా ఎడంగా ఒక తల తేలింది. ఒక చెయ్యి లేచింది. అతను అటు మళ్లాడు.

ఒడ్డుకొచ్చి చాలాసేపు దగ్గింది. మోకాలు గీసుకుపోయింది. "ఇంకో బ్యాటరీ ఉంది నాన్నా. తాడు మార్సుకుని మల్లీ ఎల్తాను," అంది.

బావ వద్దనలేదు. నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎండకు కళ్లు నీళ్లు కారుతున్నాయి. నా ముందు చెయ్యి చాపి నిలబడ్డాడు.

"ఇచ్చీ," అన్నాడు.

ఆయన భుజం తట్టి, "కన్ను నీది బావా," అన్నాను.